గొలుసుకట్టు పథకంలో మిత్రుడు చిక్కుకుంటే...

జంషెడ్‌పుర్‌కు చేరువలోని పారిశ్రామిక ప్రాంతం గమ్హరియా. అక్కడ పనిచేసే తెలుగు యువకుడికి హైదరాబాద్‌లోని బాల్యమిత్రుడు ఫోన్ చేసి, రాత్రి జరిగే ఆన్‌లైన్ సమావేశానికి రమ్మన్నాడనుకుందాం. వ్యాపారమేమిటని అడిగితే 'వస్తే నీకే తెలుస్తుంది' అంటాడు. గొలుసుకట్టు పథకాల పిలుపు తరచూ ఈ తీరునే ఉంటుంది.

వస్తువుల విక్రయం వల్ల కాక, కొత్తగా చేరేవారు చెల్లించే సొమ్ముతో పాతవారికి ఆదాయం చేకూర్చే ఏర్పాటే ఈ పథకం. ఒక్కొక్కరు ఇద్దరిని చేర్చాలన్నది నిబంధన అయితే, 25వ అంచెలో కొత్తగా కావలసినవారే 3.35 కోట్ల మంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఝార్ఖండ్ జనాభా 3.29 కోట్లు. గొలుసు తెగినప్పుడు నష్టపోయేది అధిక సంఖ్యలో ఉండే చివరి అంచెలవారే.

2019 మార్చిలో సైబరాబాద్ పోలీసులు నోయిడా కేంద్రంగా నడిచిన ఈబిజ్ సంస్థ నిర్వాహకులను అరెస్టు చేశారు. ఆన్‌లైన్ కోర్సుల పేరిట విద్యార్థులను, నిరుద్యోగులను చేర్చుకుని రూ.5,000 కోట్ల మేర వసూలు చేశారన్నది పోలీసుల అభియోగం. ఒక్కో సభ్యుడు చెల్లించినది రూ.16,821. ఇంత చిన్న మొత్తానికి ఇంట్లో ఎవరినీ సంప్రదించనక్కర్లేదని యువత భావించడం సహజమే.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. 1978 నాటి ప్రైజ్ చిట్లు, ధన పరిచలన పథకాల నిషేధ చట్టం నిర్వాహకులకే పరిమితం కాదు; సభ్యులుగా చేరడాన్ని, పాల్గొనడాన్ని సైతం నిషేధిస్తుంది. శిక్ష మూడేళ్ల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. అంటే నేడు మోసపోయిన మిత్రుడే, రేపు మరో ఇద్దరిని చేర్చగానే వారి ఫిర్యాదులో నిందితుడు కావచ్చు. 2021 డిసెంబరులో వచ్చిన ప్రత్యక్ష విక్రయ నియమాలు కూడా పిరమిడ్ పథకాలను నిషేధించాయి. అందువల్ల 'మాది డైరెక్ట్ సెల్లింగ్' అన్న మాట రక్షణ కాబోదు.

కనుక మిత్రుడిని ముందుగా ఆపవలసింది కొత్తవారిని చేర్చకుండానే. పోయిన సొమ్ము సంగతి తర్వాత. ఎగతాళి చేస్తే అతడు సమావేశాల్లో కలిసినవారికే మరింత చేరువవుతాడు. విమర్శకులను 'ప్రతికూల ఆలోచనాపరులు'గా చూడాలని అక్కడ ముందే నూరిపోస్తారు. వాదనకు బదులు అతడి బ్యాంకు ఖాతా వివరాలను పక్కన కూర్చుని చూడటం మేలు: ఎంత కట్టాడు, ఎంత వచ్చింది, వచ్చినది ఎవరు చేరినందుకు? వస్తువును సభ్యులు కానివారెవరైనా కొన్నారా? స్నేహం కోసమైనా 'ఒక్కసారి' సభ్యత్వం తీసుకోవడం, అందుకోసం అప్పు ఇవ్వడం తగదు.

బయటపడదలచినవారు రసీదులు, సందేశాలు, చెల్లింపుల వివరాలు భద్రపరచాలి. గ్రూపుల నుంచి వైదొలగేముందే ఆ పని చేయాలి. ఆన్‌లైన్ ఆర్థిక మోసాలపై 1930 నంబరుకు, అక్రమ డిపాజిట్ల సేకరణపై రిజర్వు బ్యాంకు 'సచేత్' పోర్టల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సంస్థ ఎక్కడున్నా, 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం నేరం జరిగిన ప్రాంతంతో నిమిత్తం లేకుండా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. హైదరాబాద్ ఖాతాకు సొమ్ము పంపిన బాధితుడు గమ్హరియాలోనే ఫిర్యాదు చేయవచ్చు.