ఇంగ్లీషు పరిగెడుతుంది, తెలుగు నడుస్తుంది

మన ఉద్యోగాల్లో పొద్దున్నుంచీ రాత్రిదాకా నలిగే మాట ‘రన్’. ప్రోగ్రామ్ రన్ అవుతుంది, టెస్టులు రన్ చేస్తాం, చివరికి టైమ్ రన్నవుటైపోతుంది. ఇంత చిన్న మాటకి పెద్ద చరిత్రే ఉందండోయ్.

ఇంగ్లీషులో ఎక్కువ అర్థాలున్న మాట ఏదంటే చాలాకాలం ‘సెట్’ అనేవాళ్ళు. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఆ క్రియకి దాదాపు 430 అర్థాలు. మూడో కూర్పు కోసం పీటర్ గిలివర్ అనే సంపాదకుడు ‘రన్’ పని పట్టాడు. ఆ ఒక్క మాటకే తొమ్మిది నెలలు! 2011లో లెక్క తేలింది: క్రియగానే 645 అర్థాలు.

ఎందుకలా పెరిగింది? పాత ఇంగ్లీషులో ఆ మాటకి కాళ్ళతో పరిగెత్తడం, నీళ్ళు పారడం ముఖ్యమైన అర్థాలు. తర్వాత యంత్రాలొచ్చాయి. గడియారం, మిల్లు, రైలు, ఫ్యాక్టరీ, ఆఖరికి ప్రోగ్రామ్... అన్నిటికీ పాత మాటే తగిలించారు. యంత్రయుగమే ‘రన్’ని గెలిపించిందని సైమన్ వించెస్టర్ అనే రచయిత 2011లోనే రాశాడు. నాకూ సబబుగానే తోచింది.

మరి మన సంగతో? మన దగ్గర యంత్రాలు పరిగెత్తవు, నడుస్తాయి. బస్సు నడుస్తుంది, బడి నడుస్తుంది, కోర్టులో కేసు నడుస్తుంది, కాపురం ఎలాగోలా నడుస్తుంది. మనిషి తీరు కూడా నడతే. అన్నట్టు, ఎన్నికల్లో అమెరికావాళ్ళు పరిగెడతారు, బ్రిటన్‌వాళ్ళు నిలబడతారు. మనమూ నిలబడతాం!

ఓసారి ఒక సాఫ్ట్‌వేర్ మెనూని తెలుగు చేస్తూ ‘రన్’ దగ్గర ఆగిపోయాను. ‘పరిగెత్తించు’ అంటే నవ్వొచ్చింది, ‘అమలుపరచు’ అంటే జీవో చదువుతున్నట్టుంది. చివరికి ‘రన్ చెయ్యి’ అని రాసి చేతులు దులుపుకున్నాను. ఆ వారమే ఫోన్లో నాన్నగారు అడిగారు: “ఏరా, నీ ప్రోగ్రాం నడుస్తోందా?” కొట్టు నడుస్తోందా అన్నంత మామూలుగా! కంప్యూటర్ ముట్టుకోని మనిషికి తట్టిన మాట నాకు తట్టలేదు.

నిఘంటువులవాళ్ళు అర్థాలు పుట్టించరు, లెక్కపెడతారంతే. పుట్టించేది వాడేవాళ్ళు. ఆ మిల్లుల వాళ్ళు తమ పాతమాటని కొత్త యంత్రం దగ్గరికి తీసుకెళ్ళారు కాబట్టే అది 645 దాకా వెళ్ళింది. రోజంతా యంత్రాలతో గడిపే మనం ‘నడుపు’ని ఇంటి దగ్గరే వదిలేసి ఆఫీసుకెళ్తే, అది కాపురాల దగ్గరా కోర్టుకేసుల దగ్గరా ఆగిపోతుంది. తప్పు భాషది కాదు, మనదే.

ఇప్పుడు నేనైతే “బిల్డ్ నడుస్తోంది, ఆగు” అంటున్నాను. మొదట్లో పక్కవాళ్ళు నవ్వారు. ఇప్పుడు వాళ్ళూ అంటున్నారు.