పౌరుషగ్రంథి: ఒక భయముయొక్క చరిత్రము



నేటి ప్రసంగవిషయము పెద్దలు నలుగురిలో ఎత్తుటకు సంకోచించునది. ఆ సంకోచమువలననే ప్రాణముమీదికి తెచ్చుకొన్నవారు కలరు గనుక, విప్పి చెప్పుటయే మేలని తలచుచున్నాను.

పురుషులకు మూత్రాశయము దిగువను, మూత్రనాళమును చుట్టుకొని, పెద్ద యుసిరికాయంత గ్రంథి యొకటి కలదు. వైద్యులు దీనిని ప్రోస్టేటు గ్రంథి యందురు. తెలుగున పౌరుషగ్రంథి యను పేరు వచ్చినది. వయస్సు మీరినకొలది ఇది పెరిగి నాళమును నొక్కును. మూత్రము సన్నగిల్లును, రాత్రి పలుమారులు లేవవలసివచ్చును. చికిత్స చేయించుకొమ్మన్నచో, పేరునుబట్టి పౌరుషమే పోవునేమో యని పలువురు వెనుదీయుదురు. ఈ భయమెట్లు పుట్టెను? ఇందు నిజమెంత?

వ్యాధి క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున మూత్రాఘాతములు పండ్రెండు చెప్పబడినవి. అందు వాతాష్ఠీల యొకటి. అష్ఠీల యనగా గుండ్రని రాయి. మలమార్గమునకును మూత్రాశయమునకును నడుమ రాతివంటి గడ్డ లేచి, మూత్రము నడ్డగించునని యందలి వర్ణనము. ఇది నేటి గ్రంథివృద్ధియే యని పెక్కుమంది ఆయుర్వేదజ్ఞుల యభిప్రాయము.

భయమునకు మూలము పాశ్చాత్యదేశములందు దొరకును. బీజములు తీసివేయబడిన జంతువులలో ఈ గ్రంథి చిన్నదిగా నుండునని జాన్ హంటరను ఆంగ్లవైద్యుడు 1786 లో వ్రాసెను. ఆ మాటను పట్టుకొని, నూరేండ్లు గడచిన పిమ్మట, ఫిలడెల్ఫియా నగరమున విలియం వైటను శస్త్రవైద్యుడు వృద్ధులకు వృషణములనే తొలగించు చికిత్సను ప్రబలింపజేసెను. 1895 లో నతడు 111 మంది ఫలితములను ప్రకటించెను. గ్రంథి కృశించినమాట నిజమే. కాని నూటికి పదునెనిమిదిమంది వరకు మరణించిరి. బ్రతికినవారును పుంస్త్వమును వెలగా నిచ్చి మూత్రసుఖమును కొనుక్కొన్నవారే. నేటికిని మనవారిని వెన్నాడు భయము అప్పటిదే.

దానిని తొలగించిన కథకు మన దేశముతో సంబంధము కలదు. ఐర్లండువాడగు పీటరు ఫ్రేయరు ఇండియన్ మెడికల్ సర్వీసునందు చేరి ఉత్తరహిందూస్థానమున చాలకాలము పనిచేసెను. మూత్రాశయమునందలి రాళ్లను తీయుటలో అతనిది అందెవేసిన చేయి. రాంపురము నవాబు స్వస్థుడై లక్ష రూపాయలు బహుమానమిచ్చినాడని ప్రసిద్ధి. ఫ్రేయరు లండను చేరిన పిదప, 1900 డిసెంబరు 1 వ తేదీన 69 ఏండ్ల రోగికి పొట్టదిగువను కోసి, పెరిగిన గ్రంథిభాగమును వ్రేలితో ఒలిచి తీసెను. ఈ త్రోవను అమెరికాలో యూజీను ఫుల్లరు 1894 లోనే త్రొక్కియుండెను. అయినను 1912 నాటికి వేయిమందికి చేసి దీనిని లోకప్రసిద్ధము చేసినవాడు ఫ్రేయరే. వృషణములను ముట్టనక్కరలేదని దీనివలన తేలినది.

1926 లో స్టెర్ను అను అమెరికా వైద్యుడు మూత్రమార్గముననే పోనిచ్చి గ్రంథిని లోపలినుండి చెక్కు పరికరమును తెచ్చెను. 1945 లో టెరెన్సు మిల్లిను మూత్రాశయమును కోయకయే గ్రంథిని తీయు పద్ధతిని ప్రకటించెను. 1963 లో బ్రిటిషు ప్రధాని హెరాల్డు మాక్మిలను ఈ వ్యాధివలన పదవిని వదలుకొనెను. శస్త్రచికిత్స పిమ్మట అతడు 1986 వరకు, 92 ఏండ్ల వయస్సు దాక జీవించెను.

ఇక నిజమెంతయో వినుడు. అంగస్తంభనమునకు కావలసిన నాడులు గ్రంథికి వెలుపల నున్నవి. వృద్ధికి చేయు చికిత్స లోపలి భాగమునే తొలచును. కావున స్తంభనశక్తి సాధారణముగా నిలుచును. కాని మూత్రాశయపు కంఠము మూతపడక, స్ఖలనకాలమున శుక్రము వెనుకకు పోయి మూత్రముతో వెడలును. లోపలినుండి చెక్కించుకొన్నవారిలో సగముకంటె ఎక్కువమందికి ఇట్లగును. దేహమునకు హాని లేదు. సంతానము కోరువారికి మాత్రము అడ్డంకి. గ్రంథియందు పుట్టు పుండు, అనగా క్యాన్సరు, వేరు వ్యాధి. దానికి గ్రంథినంతయు తీయవలసివచ్చును, నాడులు దెబ్బతినవచ్చును. 1982 లో పాట్రిక్ వాల్షు ఆ నాడులను కాపాడు విధానమును ఆరంభించినను, అపాయము పూర్తిగా తీరలేదు. ఈ రెండు శస్త్రములను ఒకటిగా నెంచుటయే మనవారి భయమునకు రెండవ మూలము.

ఔషధముల కథయు నిట్టిదే. డొమినికన్ రిపబ్లికునందు పుట్టుకతోనే ఒక రసాయనము కొరవడిన పురుషులకు ఈ గ్రంథి పెరుగదని 1974 నాటి పరిశోధనవలన తెలిసినది. ఆ త్రోవనే వచ్చిన ఫినాస్టెరైడు అమెరికాలో 1992 లో ఆమోదింపబడెను. అది కొందరికి కోరికను, స్తంభనమును తగ్గించును. టాంసులోసిను కొందరికి స్ఖలనమును ఎండజేయును. వ్యాధి మాత్రము ఊరకుండునా? అమెరికాయందును ఐరోపాయందును పండ్రెండువేలకు మించిన పురుషులను విచారించి 2003 లో ప్రకటించిన పరిశీలనయందు, మూత్రబాధ హెచ్చినవారికే సంభోగబాధయు హెచ్చని తేలెను. రెంటికిని పనికివచ్చు టడలాఫిలు 2011 లో అమెరికాలో గ్రంథివృద్ధికి ఆమోదింపబడినది. కాని గుండెనొప్పికి నైట్రేటు మందులు వాడువారు దానిని తాకరాదు.

కావున పెద్దలారా, వైద్యుని యెదుట సిగ్గుపడకుడు. శస్త్రమునకు ముందే "నా దాంపత్యమున కేమగును? శుక్రమును నిలుపు విధానము కలదా?" యని సూటిగా నడుగుడు. నేడు అట్టి విధానములును కొన్ని కలవు, అందరికిని కుదరకపోవచ్చును. దాచుకొన్నవారికి ఒకనాటి రాత్రి మూత్రము పూర్తిగా బంధించును. జాగుచేసిన మూత్రపిండములు చెడును. అప్పుడు ఎన్నుకొనుటకు వ్యవధి యుండదు.

పేరు చూచి మోసపోవలదు. పౌరుషమును పుట్టించు రసము వృషణములయందు కలుగును. ఈ గ్రంథి శుక్రమునకు కొంత ద్రవమును చేర్చునది మాత్రమే. నిజమైన పౌరుషము, ఉన్న వ్యాధిని ఉన్నట్లు చెప్పుకొనుటయందు కలదు.