వినికిడి యంత్రాల అందుబాటు - చరిత్ర

వినికిడి పరీక్ష, యంత్రం ఎంపిక, చెవికి అమర్చడం, మరమ్మతు, మాట శిక్షణ - ఇవన్నీ కలిసినదే వినికిడి సేవ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక ప్రకారం దాదాపు 150 కోట్ల మందికి ఎంతో కొంత వినికిడి లోపం ఉంది. వారిలో 43 కోట్ల మందికి పునరావాస సేవలు తప్పనిసరి. వినికిడి యంత్రంతో మేలు పొందగలవారిలో దాన్ని వాడుతున్నది సుమారు 17 శాతమే. యంత్రం ఎంత మెరుగుపడినా, ఖర్చు ఎవరు భరించాలి, చెవికి ఎవరు అమర్చాలి అనేవి తేలినచోటే అది జనానికి చేరిందని ఈ చరిత్ర చెబుతుంది.

తొలి సాధనాలు

విద్యుత్తు రాకముందు చెవి దగ్గర పెట్టుకునే బాకాలే ఆధారం. సంగీతకారుడు బీథోవెన్ కోసం యోహాన్ మేల్‌జెల్ అలాంటి బాకాలు చేసిచ్చాడు. 1898లో అమెరికన్ ఇంజనీరు మిల్లర్ రీస్ హచిసన్ విద్యుత్తుతో నడిచే ‘అకూఫోన్’ను రూపొందించాడు. తర్వాత వాల్వు యంత్రాలు వచ్చాయి. వాల్వులను వేడెక్కించడానికే బ్యాటరీలు త్వరగా అయిపోయేవి. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది. 1952 డిసెంబరులో వచ్చిన ‘సోనోటోన్ 1010’ వినికిడి యంత్రంలో దాన్ని వాడారు. అప్పటి నుంచి యంత్రం చిన్నదైంది, బ్యాటరీ ఖర్చు తగ్గింది. పూర్తి డిజిటల్ యంత్రాలు 1996లో మార్కెట్లోకి వచ్చాయి.

ప్రభుత్వాలు పూనుకున్న కాలం

బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలైనప్పుడు, ‘మెడ్రెస్కో’ వినికిడి యంత్రాన్ని ఉచితంగా ఇవ్వసాగారు. వైద్య పరిశోధన మండలి కమిటీ సిఫారసు చేసిన నమూనా అది. యంత్రాన్ని ఛాతీ దగ్గర తగిలించుకోవాలి. బ్యాటరీలు వేరే పెట్టెలో ఉండేవి. అక్కడి నుంచి చెవి దాకా తీగలు. మోయడానికి ఇబ్బందే అయినా, జేబులో డబ్బు లేని కార్మికుడికి కూడా అది దక్కింది. చెవి వెనుక పెట్టుకునే రకం 1974 నుంచి, డిజిటల్ రకం 2000 తర్వాత అదే సేవలో చేరాయి.

ఆస్ట్రేలియాలో యుద్ధంలో వినికిడి కోల్పోయిన సైనికులకు, గర్భంలో రుబెల్లా సోకి చెవుడుతో పుట్టిన పిల్లలకు సేవలందించడానికి 1940ల చివర ప్రభుత్వమే ధ్వని ప్రయోగశాలలను నెలకొల్పింది. అమెరికాలో మాత్రం 1965లో తెచ్చిన మెడికేర్ చట్టం వినికిడి యంత్రాలను పక్కన పెట్టేసింది. దాంతో చాలామంది వృద్ధులు సొంత డబ్బుతో కొనుక్కోవాల్సి వచ్చింది. అక్కడ స్వల్ప, మధ్యస్థ లోపమున్న పెద్దలు వైద్యుడి చీటీ లేకుండానే దుకాణంలో యంత్రం కొనుక్కునే వీలు 2022 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది.

భారతదేశంలో

మైసూరులో 1965లో స్థాపించిన సంస్థే నేటి అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. 1981లో మొదలైన అడిప్ (వికలాంగులకు సహాయక పరికరాల) పథకం కింద తక్కువ ఆదాయం ఉన్నవారికి కేంద్రం యంత్రాలు ఇస్తోంది. 1983లో ముంబైలో బధిరుల జాతీయ సంస్థ ఏర్పడింది. హైదరాబాదులో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన అలీ యావర్ జంగ్ పేరు దానికి పెట్టారు. దాని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. చెవుడు నివారణ, నియంత్రణ జాతీయ కార్యక్రమం 2007లో మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు లోపలి చెవిలో పెట్టే కాక్లియర్ ఇంప్లాంట్లు ఉచితంగా అమర్చారు. అయితే ఆపరేషన్‌తో పని పూర్తికాదు. బిడ్డకు మాటలు రావాలంటే ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. బయట పెట్టుకునే ప్రాసెసర్‌కు బ్యాటరీలు, తీగలు మారుస్తూ ఉండాలి. ఆ ఖర్చుకు భరోసా ఉన్నప్పుడే కుటుంబం నిలదొక్కుకుంటుంది.

పేద దేశాల్లో అడ్డంకులు

అల్పాదాయ దేశాల్లో 78 శాతం దేశాలకు పది లక్షల జనాభాకు ఒక్క చెవి-ముక్కు-గొంతు వైద్యుడు కూడా లేడు. ఆడియాలజిస్టుల విషయంలో ఇది 93 శాతం. విరాళంగా యంత్రం వచ్చినా, చెవి కొలత తీసి, చెవిలో ఇమిడే మౌల్డు (అచ్చు) చేసేవారు ఉండాలి. మౌల్డు వదులైతే ధ్వని బయటికి పొక్కి కీచుమంటుంది. పిల్లల చెవి పెరిగేకొద్దీ దాన్ని మళ్లీ చేయాలి. ఉక్కపోతలో చెమట, తేమ యంత్రాన్ని పాడుచేస్తాయి. చీము కారే చెవికి ముందు వైద్యం చేయాలి. బ్యాటరీ దొరకని ఊళ్లో యంత్రం పెట్టెలోనే ఉండిపోతుంది.

ఈ చిక్కుకు బోట్స్వానాలోని ఒట్సేలో ఒక దారి కనిపెట్టారు. అక్కడ సౌరశక్తితో చార్జయ్యే వినికిడి యంత్రం తయారుచేశారు. ఆ పనిలో బధిరులే కార్మికులు. నిపుణుల కొరతను అధిగమించేందుకు, శిక్షణ పొందిన స్థానిక సిబ్బందితో పరీక్షలు, అమరిక చేయించే విధానాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 మార్గదర్శి సూచించింది.

నేటి స్థితి

1978లో డేవిడ్ కెంప్ కనుగొన్న కర్ణధ్వని ప్రతిస్పందన (ధ్వనికి బదులుగా లోపలి చెవి వెలువరించే సన్నని శబ్దం) ఆధారంగా, నిద్రపోతున్న పసికందు వినికిడిని కూడా ఇప్పుడు నిమిషాల్లో పరీక్షించవచ్చు. ముందే గుర్తిస్తే బిడ్డ భాష నేర్చుకునే వయసు వృథా కాదు. చెవుడు నివారణపై సభ్యదేశాలన్నీ చర్యలు తీసుకోవాలని 2017లో ప్రపంచ ఆరోగ్య సభ తీర్మానించింది. ఏటా మార్చి 3న ప్రపంచ వినికిడి దినం జరుపుతున్నారు. 2050 నాటికి పునరావాస సేవలు అవసరమయ్యేవారు 70 కోట్లు దాటుతారని అంచనా. వారికి యంత్రం పంచడంతో సరిపెట్టకుండా, మౌల్డు, బ్యాటరీ, మరమ్మతు, మాట శిక్షణ కూడా ప్రాథమిక ఆరోగ్య సేవల్లో భాగం కావాలి.