తోటివాడి వల్ల తగిలిన దెబ్బ: యజమాని బాధ్యత ఎంతవరకు?

క్రేన్ ఆపరేటర్ చూసుకోకుండా కొక్కెం దించాడు, కింద ఉన్న హెల్పర్ చెయ్యి నలిగింది అనుకుందాం. ఆసుపత్రి మంచం దగ్గరికి వచ్చే మాట ఒకటుంది: "మీలో మీరు చేసుకున్నదానికి కంపెనీ ఏం చేస్తుంది?" ఈ వాదన వయసు దాదాపు రెండు వందల ఏళ్లు. చట్టం దాన్ని ఏనాడో తోసిపుచ్చింది. దాన్ని నమ్మి దరఖాస్తు పెట్టకుండా ఊరుకున్నవాడు మాత్రం ఈనాటికీ నష్టపోతున్నాడు.

1837లో ఇంగ్లండులో ఒక మాంసం వ్యాపారి దగ్గర పనిచేసే ప్రీస్ట్లీ, మోయలేనంత బరువు ఎక్కించిన బండి కూలడంతో తొడ విరిగి మంచాన పడ్డాడు. జ్యూరీ వంద పౌండ్లు ఇప్పిస్తే పై న్యాయస్థానం కొట్టేసింది. దీన్ని ఒప్పుకుంటే పనిమనిషి తడి దుప్పటి పరిచినా యజమానే మరో నౌకరుకు జవాబు చెప్పాల్సి వస్తుందని లార్డ్ అబింగర్ భయం. 1842లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, పట్టాలు మార్చేవాడి పొరపాటుతో చెయ్యి పోగొట్టుకున్న ఇంజన్ డ్రైవరుకూ పరిహారం దక్కలేదు. ఆ ముప్పును లెక్కలో వేసుకునే జీతం కుదుర్చుకున్నాడన్నారు చీఫ్ జస్టిస్ షా. ఇదే ఉమ్మడి ఉద్యోగ సిద్ధాంతం. పట్టాలు మార్చేవాణ్ణి పనిలో పెట్టుకునే అధికారం గానీ, తీసేసే అధికారం గానీ ఆ డ్రైవరుకు లేవు. లేని అధికారానికి బాధ్యత మోపిన ఈ తర్కం నాకు ఎన్నిసార్లు చదివినా అన్యాయంగానే కనిపిస్తుంది.

మన దేశంలో 1938 నాటి యజమానుల బాధ్యతా చట్టం ఈ సాకును కొంత కుదించింది. మిగిలిన సందు ఒక రైల్వే ఉద్యోగి మరణానికి సంబంధించిన వెల్స్ కేసులో ప్రివీ కౌన్సిల్ ముందు బయటపడింది. 1951లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది.

అయితే కార్మికుడికి అసలు ఆసరాగా నిలిచింది 1923 నాటి పరిహార చట్టం. గాయం పనివల్ల, పని సమయంలో తగిలిందా అన్నదే అందులో ప్రశ్న, తప్పెవరిదని అడగదు. తాగి ఉండటం, రక్షణ కవచాన్ని కావాలని తొలగించడం వంటి మినహాయింపులు గాయపడినవాడి ప్రవర్తనకే వర్తిస్తాయి, తోటివాడి ప్రవర్తనకు కాదు. 15 వేల వేతన పరిమితితో లెక్కిస్తే, ముప్పై ఏళ్ల కార్మికుడు పూర్తిగా, శాశ్వతంగా పనికి దూరమైతే వచ్చేది రూ. 18,71,820. కాంట్రాక్టర్ మనిషైనా ప్రధాన యజమాని దగ్గరే వసూలు చేసుకోవచ్చు. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో సెక్షన్ల సంఖ్యలు మారాయి గానీ ఆ మూల ప్రశ్న అలాగే ఉంది.

చిక్కంతా కొట్లాటల దగ్గర. పని త్వరగా కానివ్వమన్నందుకు తోటివాడు స్పానర్‌తో కొడితే, ఆ తగాదా పనిలోంచి పుట్టినదే. ఊళ్లో గట్టు తగాదా షెడ్డుదాకా వెంటాడి వస్తే పరిహారం కష్టం. కావాలని కొట్టాడు కాబట్టి ప్రమాదం కాదనే వాదన మాత్రం నిలవదు. ఆటో కోసం డ్రైవరును చంపిన రీటాదేవి కేసులో (2000) సుప్రీంకోర్టు ఆ హత్యను ప్రమాదంగానే పరిగణించింది.

ఈఎస్ఐ పరిధిలో ఉన్నవారి సంగతి వేరు. తాత్కాలికంగా పనికి దూరమైతే సగటు వేతనంలో 90 శాతం చేతికొస్తుంది, వైద్యం అందుతుంది. కానీ పాత ఈఎస్ఐ చట్టంలోని 53వ సెక్షన్, యజమాని నుంచే కాదు, "మరే ఇతర వ్యక్తి" నుంచీ పరిహారం రాబట్టకుండా అడ్డుకుంది. ట్రెహాన్ కేసులో (1996) సుప్రీంకోర్టు ఆ అడ్డును గట్టిగానే నిలిపింది. బీమా ఇచ్చి దావా హక్కు తీసుకునే ఈ మారకం, గాయం తీవ్రమైనప్పుడు కార్మికుడికి చాలా ఖరీదైనది.

కొట్టినవాడిపై భారతీయ న్యాయ సంహిత కింద ఫిర్యాదుకు మాత్రం ఇవేవీ అడ్డు కావు. 115వ సెక్షన్ గాయపరచడానికి, 117 తీవ్రంగా గాయపరచడానికి వర్తిస్తాయి. పరిహార దరఖాస్తుకు 1923 చట్టం ఇచ్చిన గడువు రెండేళ్లు. అంతకంటే ముందు, ఆసుపత్రిలో చేర్చుకున్న కాగితంలో "ఎలా జరిగింది" అన్నచోట ఏం రాశారో చూసుకోవాలి. అక్కడ "గొడవలో దెబ్బ" అని ఒక్క ముక్క పడితే, అది పని తగాదా అని రుజువు చేసుకునే బరువు కట్టు కట్టిన చేతిమీదే పడుతుంది.