కోలారు బంగారుగనుల సీమలో కేకు అలంకరణ విద్య

కోలారు బంగారుగనుల చరిత్ర యనగా గనుల లోతును, వెలికితీసిన బంగారపు తూకమును చెప్పుట పరిపాటి. ఆ సీమలో చక్కెరతో పూవులు తీర్చి జీవించువారి వృత్తియు ఆ చరిత్రలోని భాగమే. దానిని గూర్చి సంగ్రహముగా నివేదించెదను.

1880లో జాన్ టేలర్ సంస్థ గనుల నిర్వహణమునకు పూనుకొన్న పిదప ఆంగ్లేయ ఇంజనీర్లు, కార్న్‌వాల్ గనిపనివారు, ఆంగ్లో-ఇండియను కుటుంబములవారు ఇచ్చట నివసించిరి. ఈ సీమకు 'చిన్న ఇంగ్లాండు' అను పేరు కలిగెను. బంగళాలు, క్లబ్బులు, చర్చిలతోపాటు క్రిస్మసు కేకును, పెండ్లి కేకును వచ్చినవి. గనిపనికై వచ్చిన తమిళ, తెలుగు క్రైస్తవ కుటుంబములును ఆ యాచారమును క్రమముగా తమదిగా చేసికొన్నవి.

పాతకాలపు పూతకు రాయల్ ఐసింగని పేరు. కోడిగ్రుడ్డు తెల్లసొనలో మెత్తని చక్కెరపొడి చేర్చి గిలకొట్టగా అది సిద్ధమగును. ఆరినంతనే గట్టిపడుటచే, ఫ్రిజ్ లేని దినములలోను నిలిచెడిది. శివనసముద్రమునుండి ఈ గనులకు విద్యుత్తు 1902లోనే వచ్చెను. కాని అది గనియంత్రములను నడుపుటకు తెచ్చినది. నేడు వాడుకలోనున్న క్రీము చల్లదనము లేనిదే నిలువదు.

పనివాడు కేకు పైభాగమును సమముగా కోసి, పొరల నడుమ చక్కెరపాకమును క్రీమును పట్టించి, తిరుగుడు బల్లపై నునుపు చేయును. పిమ్మట కోనును పిండి గులాబీలను తీర్చును. ఒత్తిడి హెచ్చిన రేకు ముద్దయగును, తగ్గిన తెగును. ముగ్గుపిండిని వ్రేళ్ల నడుమనుండి విడుచు మన స్త్రీల హస్తలాఘవము ఇట్టిదే. డిసెంబరు మాసమున దినమెల్ల నిలిచియే పనిచేయవలెను. తుదకు పేరులో ఒక్క అక్షరము తప్పినచో శ్రమయంతయు చెడును.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. జీతములు పోగా ఊరి వ్యాపారము క్షీణించెను. నాటినుండి వేలాదిమంది మారికుప్పము రైళ్లలో బెంగుళూరునకు పోయి పనిచేసి రాత్రికి మరలుచున్నారు. ఇక్కడి చేతిపనులును వారి వెంట రైలెక్కినవి.

తెలుగు ఉపాధ్యాయుడనుగా ఒక విషయము మనవి చేసెదను. మన యిండ్ల పుట్టినరోజు కేకులపై పేళ్లు తరచుగా ఇంగ్లీషులోనే యుండును. తాటాకు చిరుగకుండుటకై మన లిపి గుండ్రదనము పొందెనని పలువురందురు. కోనునుండి జారు సన్నని ధారకును గుండ్రని గీతయే యనుకూలము. ఒత్తులకు మాత్రము క్రింద చోటు విడువవలెను. ఈ మెలకువ తెలిసిన పనివాడు తెలుగు పేరును అందముగా వ్రాయగలడు, అడుగువారే కావలెను.

ఈ కళాకారుని పని కోసిన క్షణముననే నశించును. దాచుటకు శాసనము లేదు. కావున వృద్ధులైన పనివారి అనుభవములను, వృత్తిపదములను మన సంఘమువారు వెంటనే సేకరింతురుగాక. రాబోవు పండుగకు ఒక్క కేకుపైనైనను బిడ్డ పేరు తెలుగున వ్రాయింతురుగాక.