నల్లకుండ చేసిన అమ్మల పేర్లు



మెక్సికోలో ఒహాకా నగరానికి దక్షిణాన సాన్ బార్తోలో కొయోతెపెక్ అనే ఊరుంది. అక్కడి కుమ్మరులు జపోతెక్ ఆదివాసులు. వాళ్ళు సారె వాడరు. ఒక పళ్ళెం బోర్లించి, దానిమీద ఇంకో పళ్ళెం పెట్టి, చేత్తో తిప్పుకుంటూ కుండ లేపుతారు. బట్టీని గాలి ఆడకుండా మూసేస్తే మట్టి పొగకు నల్లబడుతుంది.

పాత కుండలు మెరిసేవి కావు. బూడిద రంగులో గట్టిగా ఉండేవి. వాటిలో నీళ్ళు, మెస్కాల్ అనే సారా పోసుకునేవాళ్ళు. 1950ల్లో రోసా రియాల్ అనే అమ్మ సగం ఆరిన కుండను పలుగురాయితో రుద్ది, తక్కువ సెగలో కాల్చింది. కుండ నిగనిగలాడింది. కానీ అందులో నీళ్ళు నిలవవు.

అయినా బయటోళ్ళు వెతుక్కుంటూ వచ్చారు. అమెరికా ధనవంతుడు నెల్సన్ రాక్‌ఫెల్లర్ కూడా ఆ కుండలు సేకరించాడు. 1980లో రోసా చనిపోయింది. ఆమె వారసులు ఇప్పటికీ వచ్చినోళ్ళకు కుండ చేసి చూపిస్తారు.

వాడుకునే కుండ చూసుకునే కుండ అయింది, ఊరికి కూడు పెట్టింది. అది మంచిదే. మరి రోసాకు ముందు నీళ్ళకుండలు చేసిన అమ్మలు ఎవరు? కొనడానికి వచ్చినోళ్ళకు మెరుపే కనబడింది.

మన ఆదిలాబాద్ ఓజాల డోక్రా బొమ్మ కొన్నోళ్ళలో ఎంతమందికి చేసినాయన పేరు తెలుసు? ఈ సెలవులకు ఊరికి పోయినప్పుడు ఒక్క పెద్దమనిషి దగ్గరన్నా కూర్చుందాం. పేరు, పని, ఎవరి దగ్గర నేర్చుకున్నారో రాసుకొద్దాం. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మేము రాయకపోతే ఇంకెవరు రాస్తారు?