ముగ్గురు తెలుగు సర్వసైన్యాధ్యక్షులు

రాజ్యాంగం 53వ అధికరణం ప్రకారం త్రివిధ దళాలకు సర్వసైన్యాధ్యక్షుడు రాష్ట్రపతి. మన జేసీఓల కమిషన్ కూడా రాష్ట్రపతి పేరు మీదే వస్తుంది. ఆ పదవిలో ముగ్గురు తెలుగువారు పనిచేశారు. చిత్రమేమంటే 1962, 1965, 1971 యుద్ధాలు మూడింటిలోనూ సుప్రీం కమాండర్ తెలుగువాడే! మొదటి రెండింటికి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, మూడోదానికి వి.వి. గిరి గారు. యుద్ధం నడిపేది మంత్రివర్గమే అనుకోండి. అయినా 1962 అక్టోబర్ 26న, 1971 డిసెంబర్ 3న అత్యవసర పరిస్థితి ప్రకటించింది వీరి సంతకాలతోనే. 1973 జనవరిలో మానెక్‌షా గారికి ఫీల్డ్ మార్షల్ హోదా ప్రదానం చేసిందీ గిరి గారే.

రాధాకృష్ణన్ గారిది తిరుత్తణి ప్రాంతం, గిరి గారిది బరంపురం. ఆ ఊళ్లు ఇప్పుడు తమిళనాడు, ఒడిశాల్లో ఉన్నాయి. అంటే మన మరోదా తెలుగువాళ్లకి వాళ్లు దగ్గరివాళ్లే.

మూడోవారు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి గారు. 1969లో కాంగ్రెసు అధికార అభ్యర్థి ఆయనే. స్వతంత్రంగా నిలబడ్డ గిరి గారి చేతిలో, రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెట్టాక ఓడిపోయారు. తెలుగువాడిని తెలుగువాడే ఓడించాడు! ఆ ఏడే కాంగ్రెసు రెండుగా చీలింది. ఎనిమిదేళ్లకి, 1977లో, రెడ్డి గారు అదే పదవికి పోటీ లేకుండా ఎన్నికయ్యారు. అలా ఏకగ్రీవంగా ఎన్నికైన రాష్ట్రపతి ఇప్పటిదాకా ఆయనొక్కరే.